సెల్‌ఫోను వచ్చింది సరే, పొలం చూసేదెవరు?
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"వ్యవసాయ విస్తరణలో కంప్యూటరు, సెల్‌ఫోను, విజ్ఞానం పంచుకోవడం" అన్న విషయం మీద మాట్లాడమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. అరగంటకు మించవద్దని కార్యదర్శిగారు మరీ మరీ చెప్పారు. వ్యవసాయ శాఖ వాళ్లకు ఖరీఫ్‌లో మైకు ఇస్తే రబీ దాకా వదలరని వారి భయం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత ఉండనే ఉంది. అందుచేత మాట నిలబెట్టుకోవడానికి ప్రయత్నిస్తాను.

నేను 1981లో వ్యవసాయాధికారిగా చేరి, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి 2016లో పదవీ విరమణ చేశాను. ఈ సభలో ట్రెజరీ మిత్రులున్నారు, రెవెన్యూ మిత్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు. వారి కోసం ముందుగా ఒక మాట. విస్తరణ అంటే ప్రచారం కాదు. పరిశోధనా కేంద్రంలో తేలిన సంగతిని రైతు పొలానికి చేర్చడం అందులో ఒక సగం. రైతు పొలంలో పుట్టిన ప్రశ్నను పరిశోధనా కేంద్రానికి చేర్చి, జవాబు తెచ్చి ఇవ్వడం రెండో సగం. మొదటి సగాన్ని యంత్రాలు ఈనాడు మనం కలలో కూడా అనుకోనంత వేగంగా చేస్తున్నాయి. రెండో సగం మాత్రం పొలం గట్టు మీదికి ఒక మనిషి వెళ్లకపోతే జరగడం లేదు. ఆ మనిషి స్థానంలో ఫోను పెట్టామని తృప్తిపడితే నష్టపోయేది రైతు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మీదట చెప్పేదంతా దీనికి సాక్ష్యాలు.

ఈ సంగతి మన పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలు, బతికే ఉన్నామని కంప్యూటరే ఒప్పుకుంటుందన్నారు. చాలామందికి ఎంతో మేలు జరిగింది, కాదనను. కాని వేళ్లు అరిగిపోయిన వారి సంగతి ఏమిటి? మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, యంత్రం ఒప్పుకోదు. అప్పుడు కౌంటరు వెనక ఉన్న గుమాస్తా లేచి వచ్చి "మరో వేలు పెట్టండి మాస్టారూ" అంటేనే పని అవుతుంది. రైతుల వేళ్లు మన వేళ్లకంటె ఇంకా అరిగినవి.

మన కాలంలో ఏమి ఉండేది?

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామసేవక్ అనే ఉద్యోగి ఊళ్లోకి వచ్చాడు. ఎరువు మొదలుకొని మరుగుదొడ్డి వరకు అన్నీ ఆయన బాధ్యతే. 1966లో ఆకాశవాణి వ్యవసాయ, గృహ విభాగాలు ప్రారంభించింది. సాయంత్రం వేళ రచ్చబండ దగ్గర రేడియో చుట్టూ జనం కూర్చోవడం మనలో చాలామందికి గుర్తే. రేడియో శక్తి ఎంతటిదో చెప్పడానికి తమిళనాడు ఉదాహరణ ఒకటి చాలు. తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే వరి రకం రేడియో ద్వారా ఎంతగా పాకిందంటే, రైతులు దానికి "రేడియో వరి" అనే పేరు పెట్టారు.

ఆ తరువాత టెలివిజన్. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కోళ్ల గూటికి కట్టే వలలాంటి తీగలతో చేసిన పెద్ద గొడుగు ఒకటి మేడ మీద పెట్టి, కింద ఊరంతటికీ ఒకే టీవీ. హిందీ, కన్నడం, ఒరియాతో పాటు తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చేవి. అంటే పల్లెకు సాంకేతిక విద్య నిన్న మొన్న రాలేదు. అర్ధ శతాబ్దం కిందటే మన ఊళ్లలో ఉపగ్రహం మాట్లాడింది.

అయితే రేడియోకు, టీవీకి ఒక లోటు ఉండేది. అవి చెప్పేవే గాని వినేవి కావు. ఆ లోటు తీర్చడానికి 1980లలో మన రాష్ట్రానికి శిక్షణ-సందర్శన పద్ధతి వచ్చింది. టి అండ్ వి అనేవాళ్లం. ఇజ్రాయెల్ నిపుణుడు డేనియల్ బెనోర్ ఆలోచన, ప్రపంచ బ్యాంకు తోడ్పాటు. ఆ పద్ధతి ప్రకారం క్షేత్రస్థాయి ఉద్యోగి ప్రతి పదిహేను రోజులకు ఒకసారి, నిర్ణయించిన రోజున, నిర్ణయించిన ఊళ్లో ఉండి తీరాలి. ఫలానా మంగళవారం వస్తాడని ఊరికంతటికీ తెలుసు. రాకపోతే అడుగుతారు. నెలకొకసారి మేము శాస్త్రవేత్తల ఎదుట కూర్చుని రైతుల సమస్యలు చదివి వినిపించేవాళ్లం.

లోపాలు లేవా? ఉన్నాయి. ప్రతి పదిమంది రైతులకు ఒకరిని కాంటాక్టు రైతుగా ఎంచుకుని, వారి ద్వారా మిగతావారికి చెప్పించాలనుకున్నారు. ఆ ఒక్కరు చాలాచోట్ల ఊళ్లో పెద్ద రైతే. సమాచారం ఆయన అరుగు దిగి కౌలు రైతు దాకా వెళ్లేది కాదు. పైగా వేగం లేదు. పురుగు పట్టిన ఆకులు న్యూస్ పేపరులో చుట్టి, ఆర్టీసీ బస్సు మీద లాం ఫారానికి పంపితే, చేరేసరికి ఆకు వాడిపోయేది. శాస్త్రవేత్త జవాబు కార్డు వచ్చేసరికి పొలంలో పురుగు ముదిరిపోయేది. "ఏవో గారూ, మీ జవాబు కంటె ముందు పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయిందండీ" అని ఒక రైతు నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని ఆయనకు పోయింది సగం పంట.

అంకెలు చెప్పిన నిజం

2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశంలోని రైతు కుటుంబాలను ఒక ప్రశ్న అడిగింది. సాగు గురించి కొత్త సమాచారం మీకు ఎవరి నుంచి వస్తోంది? నూటికి 60 మంది ఏ మూలం నుంచీ రావడం లేదన్నారు. మిగతా 40 మందిలో ఎక్కువమంది చెప్పినది తోటి అభ్యుదయ రైతు పేరు, 16.7 శాతం. తరువాత ఎరువులు, పురుగుమందుల కొట్టు, 13.1 శాతం. రేడియో, 13 శాతం. విస్తరణ ఉద్యోగి పేరు చెప్పినవారు 5.7 శాతం మాత్రమే.

ఈ అంకె చూసి మా శాఖలో కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఇందులో రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, రైతు రైతునే నమ్ముతాడు. రెండోది, మనం వెళ్లలేని చోటికి కొట్టు వెళ్లింది. కొట్టు తెల్లవారకముందే తెరుస్తారు, రాత్రి దాకా ఉంటుంది, మందు అరువిస్తుంది. రైతు పురుగు పట్టిన కొమ్మ పట్టుకొచ్చి చూపిస్తే అప్పటికప్పుడు జవాబు చెబుతుంది. కాకపోతే ఆ జవాబు ఎప్పుడూ ఒక సీసా రూపంలోనే ఉంటుంది. "ఈ వారం ఏమీ కొట్టవద్దు, ఊరుకో" అన్న సలహా కొట్లో దొరకదు. ఆ సలహా వల్ల ఎవరికీ బిల్లు రాదు కదా. కొట్టువారిని తిట్టి లాభం లేదని గ్రహించిన హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో వారికే ఒక సంవత్సరం డిప్లొమా శిక్షణ ప్రారంభించింది. అది మంచి పని.

నాలుగు ప్రయోగాలు

2004 నుంచి కొత్త యుగం మొదలైందనవచ్చు. ఆ సంవత్సరం జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమయ్యాయి. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రైతు తనంతట తాను ప్రశ్న అడిగే అవకాశం వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. చిక్కు ఎక్కడంటే, అవతలివారు పొలం చూడలేరు. "ఆకులు ముడుచుకున్నాయండీ" అని రైతు అంటాడు. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ మందులు వేరు. పైకా, కిందికా అని అడగడం తెలిసినవాడు ఫోను ఎత్తితే రైతు బతుకుతాడు. లేకపోతే మందు ఖర్చూ పోతుంది, ముడతా పోదు.

అదే 2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు ఈ-సాగు అనే ప్రయోగం చేశారు. వరంగల్ జిల్లాలో మూడు గ్రామాలు, 1,051 పత్తి చేలు. ఊళ్లో చదువుకున్న కుర్రవాళ్లకు డిజిటల్ కెమెరాలిచ్చి, ఒక్కొక్క చేనూ క్రమం తప్పక చూసి ఫోటోలు తీయమన్నారు. అప్పుడు పల్లెలో ఇంటర్నెట్టు ఎంత నెమ్మదో మీకు తెలుసు. ఫోటోలు వెళ్లవు. అందుకని వాటిని సీడీలో ఎక్కించి కొరియరులో హైదరాబాదు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఫోటోలు చూసి, ఆ చేను పూర్వాపరాలు చూసి, ఆ ఒక్క చేనుకే సరిపడే సలహా రాసేవారు. అది తిరిగి గ్రామానికి వచ్చి రైతు చేతికందేది. రైతు అడగకపోయినా సలహా వచ్చేది! రోగం ముదిరాక వైద్యుడి దగ్గరికి పోవడం వేరు, వైద్యుడే వారం వారం వచ్చి నాడి చూడడం వేరు. ఈ ప్రయోగంలో నన్ను ఆకట్టుకున్నది కెమెరా కాదు, కెమెరా పట్టుకుని చేలోకి నడిచిన ఊరి కుర్రవాడు.

మూడోది 2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా విభాగంలో పుట్టిన డిజిటల్ గ్రీన్. వీరు సినిమాలాంటి వీడియోలు తీయలేదు. ఆ ఊరి రైతు చేత, ఆ ఊరి యాసలో, ఆ ఊరి పొలంలోనే పని చేయించి చిత్రీకరించారు. రాత్రిపూట నలుగురిని కూడగట్టి చూపించారు. పక్కన ఊరి మనిషే ఒకరు నిలబడి, మధ్య మధ్య వీడియో ఆపి, "అర్థమైందా? మీ చేలో ఇది కుదురుతుందా?" అని అడిగేవారు. కర్ణాటకలో 16 గ్రామాలలో 13 నెలలు పరీక్షించి చూస్తే, మామూలు విస్తరణ కంటె ఏడు రెట్లు ఎక్కువగా రైతులు కొత్త పద్ధతులు చేపట్టారని తేలింది. ఒక్కొక్క రూపాయికి వచ్చిన ఫలితం పది రెట్లు. ఆ తరువాత మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే మహిళా సంఘాలలో కూడా జేబులో పట్టేంత చిన్న ప్రొజెక్టర్లతో ఇలాంటి వీడియోలు చూపించారు. రైతు రైతునే నమ్ముతాడని 2003 సర్వే చెప్పిన మాటే ఇక్కడ పనికొచ్చింది.

నాలుగోది 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో జరిగింది. ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, పాత సంవత్సరాల వాతావరణ లెక్కలు కంప్యూటరుకు ఎక్కించి, వేరుశనగ ఎప్పుడు విత్తాలో 175 మంది రైతులకు తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. స్మార్టు ఫోను అక్కరలేదు, మామూలు ఫోను చాలు. జూన్ మొదట్లో పడిన చినుకు చూసి తొందరపడవద్దు, నెలాఖరు దాకా ఆగండి అన్నది ఆ సలహా. ఆగినవారికి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని మన తాతలు అన్నదీ ఇదే. రాయలసీమ మెట్ట రైతుకు తొలకరి చినుకు చూసి ఆగడమంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. సందేశం తప్పితే ఆ సంవత్సరం విత్తనమంతా మట్టిపాలు. మందు తప్పితే ఇంకో మందు కొట్టవచ్చు. అదును తప్పితే ఇంకో సంవత్సరమే.

ఈనాటి పరిస్థితి

ఈనాడు ఏర్పాట్లకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న పదివేల పైచిలుకు గ్రామ కేంద్రాలు రైతు భరోసా కేంద్రాల పేరుతో మొదలయ్యాయి. 2024లో వాటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లు చేసి, 2,601 రైతు వేదికలు కట్టారు. 2024 మార్చి నుంచి రైతునేస్తం పేరుతో ఆ వేదికలలో శాస్త్రవేత్తలు వీడియో ద్వారా రైతులతో నేరుగా మాట్లాడడం ప్రారంభించారు. ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. మేము బస్సు మీద పంపిన ఆకు ఇప్పుడు క్షణంలో చేరుతోంది. ఇది చూసి సంతోషించనివాడు ఆ ఆకు పంపిన బాధ ఎరగనివాడే.

అయితే 2021 సంగతి కూడా చెప్పాలి. ఆ సంవత్సరం చివర గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల మీద కొత్తరకం నల్ల తామర పురుగు విరుచుకుపడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. మిరపలో మాత్రం ఆ విధ్వంసం రైతులకు పూర్తిగా కొత్త. మామూలు తామర పురుగు ఆకు మీద ఉంటుంది. ఇది పువ్వులో దాక్కుంటుంది. పువ్వు రాలిపోతుంది, కాయ నిలవదు.

మా బంధువుల పిల్లవాడు ఒకడు అప్పుడు మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఒకరోజు వీడియో కాల్ చేశాడు. "పెదనాన్నా, యాప్‌లో ఫోటో పెడితే ఒక మందు చెప్పింది. వాట్సాప్ గ్రూపులో ఇంకోటి వచ్చింది. కొట్టాయన మూడోది ఇచ్చాడు. మూడూ కొట్టాను. ఇప్పుడేం కొట్టమంటావు?" అన్నాడు. "ఏమీ కొట్టవద్దు, ముందు ఒక తెల్ల కాగితం పట్టుకుని తోటలోకి పో. పది చెట్లకు పూలు కోసి, ఆ కాగితం మీద తట్టి చూడు. నల్లవి ఎన్ని రాలాయో లెక్కపెట్టి చెప్పు" అన్నాను. తట్టాడు. లెక్కపెట్టలేనన్ని రాలాయి. అతను యాప్‌కు పంపినది ఆకు ఫోటో. శత్రువు ఉన్నది పువ్వులో. యాప్ తప్పు చెప్పలేదు, దానికి చూపించినదాని గురించే చెప్పింది. పువ్వు తట్టి చూడమని చెప్పే మనిషి ఆ పొలం దగ్గర లేడు.

మరునాడే నేను అతన్ని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లమన్నాను. శాస్త్రవేత్తలు చెప్పినది వినడానికి చాలా సాదాగా ఉంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టు. వేపనూనె వాడు. నత్రజని ఎరువు తగ్గించు. కనిపించిన మందల్లా కలిపి కొట్టకు, అది మిత్ర పురుగులను చంపి శత్రువును పెంచుతుంది. ఈ సలహా అతనికి అందేసరికి చేతిలో డబ్బు మందులకే అయిపోయింది. కాపు ఎలాగో సగం దక్కింది. కౌలు మాత్రం పూర్తిగా కట్టాడు. పొలం యజమానికి పురుగుతో ఒప్పందం లేదు కదా!

సలహాకు జవాబుదారీ ఎవరు?

ఇక్కడే నా అసలు ఆవేదన. ఆ పిల్లవాడికి మూడు సలహాలొచ్చాయి. మూడింటిలో ఏ ఒక్కదాని మీదా సంతకం లేదు. మా రోజుల్లో ఏవో ఒక ఊరు వెళ్లి ఒక మందు చెబితే, డైరీలో రాసేవాడు. తేదీ, ఊరు, రైతు పేరు, పంట వయసు, చెప్పిన సలహా. పదిహేను రోజుల తరువాత మళ్లీ అదే ఊరు వెళ్లాలి. సలహా తప్పితే ముఖాముఖి సమాధానం చెప్పుకోవాలి. ఆ భయం వల్ల తెలియనిది తెలియదని చెప్పడం అలవాటైంది.

వాట్సాప్‌లో వచ్చే సలహాకు ఊరు లేదు, తేదీ లేదు. మహారాష్ట్ర నల్లరేగడికి సరిపడే మాట ఒంగోలు చౌడు నేలకు వస్తుంది. రెండేళ్ల కిందటి తుపాను హెచ్చరిక ఈ ఏడాది మళ్లీ తిరుగుతుంది. దానిని నమ్మి కోతకొచ్చిన వరిని తొందరపడి కోసినవారిని నేనెరుగుదును.

ఇంకొక సంగతి. ఫోను ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది? మగవాడి జేబులో. కలుపు తీసేది, నారు నాటేది, పత్తి తీసేది ఎవరు? ఆడవాళ్లు. చెట్టు మీద పురుగును ముందుగా చూసేది వాళ్లే. సందేశం మాత్రం వాళ్లకు రాదు. అలాగే చాలా నమోదులు భూమి యజమాని పేరు మీద జరుగుతాయి. కౌలు రైతు నంబరు జాబితాలో లేకపోతే హెచ్చరిక పట్నంలో ఉన్న యజమానికి వెళుతుంది. ఆయన దానిని చూసి, టీ తాగుతూ తుడిచేస్తాడు.

క్షేత్రంలో పనిచేస్తున్న నేటి యువ ఉద్యోగుల మీద నాకు ఫిర్యాదు లేదు. వారిలో మా కంటె చదువుకున్నవారున్నారు. కాని నాతో మాట్లాడినవారిలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "సార్, పంట నమోదు, ఆధార్ అనుసంధానం, ఫోటోల అప్‌లోడుతోనే పొద్దు గడిచిపోతోంది. గట్టు మీదికి వెళ్లే తీరిక ఎక్కడ?" అని. పంట నమోదు అవసరమే, దాని మీదనే కొనుగోలు, బీమా ఆధారపడి ఉన్నాయి. కాని రైతుకు సాయపడడానికి వచ్చిన యంత్రం ఉద్యోగిని రైతు దగ్గర నుంచి లాక్కుపోకూడదు.

మనం చేయగల పనులు

పెన్షనర్లం మనమేమి చేయగలమని మీరడగవచ్చు. మనకు తీరిక ఉంది, ఊళ్లో మాట చెల్లుబడి ఉంది, ఈ రోజుల్లో చేతిలో ఫోను కూడా ఉంది. నాలుగు మనవులు చేస్తాను.

మొదటిది. పొద్దున్నే లేచి శుభోదయాలతో పాటు మనం అందరికీ పంపే వ్యవసాయ సందేశాలు ఉన్నాయే, వాటిని పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చెప్పారు? ఏ తేదీన చెప్పారు? ఏ ప్రాంతానికి చెప్పారు? ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పంపవద్దు. మనం పెద్దవాళ్లం కనుక మన ఫోను నుంచి వెళ్లిన మాటకు విలువ ఎక్కువ. అది నమ్మి ఒకడు పొలంలో మందు పోస్తాడు.

రెండోది. ప్రతివారూ తమ ఊరి గురించి నాలుగు పేజీలు రాయండి. వ్యవసాయ శాఖవారే రాయాలని లేదు. రెవెన్యూ మిత్రులకు ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు ఉండేదో తెలుసు. పశువైద్య మిత్రులకు ఏ కాలంలో ఏ వ్యాధి వచ్చేదో తెలుసు. ఏ పల్లం ఏ తుపానుకు మునిగింది, ఏ రకం వరి ఏ నేలలో పడిపోయింది, ఏ బావి నీళ్లు ఉప్పగా మారాయి, ఇవన్నీ మన తలల్లో ఉన్నాయి. వీటిని రాసి ఊరి రైతు సేవా కేంద్రానికో, రైతు వేదికకో, కృషి విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి. దేవనకొండలో కంప్యూటరు చెప్పగలిగిందంటే పాత సంవత్సరాల లెక్కలు ఎవరో ఓపికగా రాసి పెట్టబట్టే. కంప్యూటరు తనంతట తాను వాన కొలవలేదు.

మూడోది. మన మనవలు, మనవరాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు పక్కింటి కౌలు రైతు ఫోనులో, ఆయన భార్య ఫోనులో కూడా 1800-180-1551 నంబరు ఎక్కించి పెట్టండి. ఒకసారి ఎదురుగా కూర్చుని ఆ నంబరుకు మాట్లాడించండి. ఫోటో తీసేటప్పుడు ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు, మొక్క మొత్తం, ఈ నాలుగూ తీయాలని చూపించండి. పావుగంట పని. దానివల్ల ఒక పంట మిగలవచ్చు.

నాలుగోది సంఘంగా చేయవలసినది. ఒక వినతిపత్రం పంపాలని నా ప్రతిపాదన. టి అండ్ వి కాలంలో ఉన్నట్టు, క్షేత్ర ఉద్యోగి ఏ రోజు ఏ ఊరి పొలాలు చూస్తారో కేంద్రం బోర్డు మీద రాయాలి. ఆ రోజు వేరే పని చెప్పకూడదు. ఇచ్చిన ప్రతి సలహా మీద ఇచ్చినవారి పేరు, తేదీ ఉండాలి, అది ఫోనులో వచ్చినా సరే. పదిహేను రోజుల తరువాత "ఏమయింది?" అని ఆ రైతును అడగాలి. ఇందుకు కొత్త యంత్రాలేమీ కొననక్కరలేదు. ఉన్న ఫోనుతోనే అవుతుంది. నిజానికి మేము డైరీ, సైకిలు, మోటారు సైకిలు పట్టుకుని చేసిన దానికంటె బాగా అవుతుంది.

మిత్రులారా, పాతదంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. మా కాలంలో కౌలు రైతు దాకా మేము వెళ్లలేకపోయాము, ఈనాటి ఫోను వెళ్లగలదు. మా జవాబు వారం పట్టేది, ఈనాడు నిమిషం పట్టదు. ఇంత మంచి సాధనం చేతికొచ్చిన తరువాత కూడా ఒక కుర్రవాడు మూడు మందులు కొట్టి నాలుగోది ఏమిటని అడగవలసి రావడం మాత్రం మనం ఒప్పుకోకూడదు. నా వినతిపత్రం ముసాయిదా కార్యదర్శిగారి దగ్గర ఉంది. సభ్యులందరూ చదివి, దిద్ది, సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. ఖరీఫ్ లోపల పంపగలిగితే మంచిది. అదును మనకు కూడా వర్తిస్తుంది.

 కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.